స్వతంత్ర కమిషన్ ఉన్నా నియోజకవర్గాల హద్దులపై అనుమానాలు ఎందుకు తీరవు?

ప్రశ్న సారాంశం ఇది: మన దేశంలో నియోజకవర్గాల హద్దులు గీసేది రాజకీయ నాయకులు కాదు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడే కమిషన్. అయినా పునర్విభజన జరిగిన ప్రతిసారీ వివాదం ఎందుకు రేగుతుంది? ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగిస్తే సరిపోదా? సరిపోదంటే, విధానంలో ఏం మార్చాలి?

2002 చట్టం కింద పునర్విభజన జరిగినప్పుడు నేను ఒక జిల్లా కేంద్రంలో జనాభా పట్టికలు, పటాలు తయారుచేసే విభాగంలో పనిచేశాను. అందుకని పుస్తకాల్లో దొరికేదానితో పాటు ఆ బల్ల దగ్గర కూర్చుని చూసింది కూడా కలిపి చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కమిషన్ స్వతంత్రంగా ఉండడం అవసరమే గాని, అదొక్కటే చాలదు. ఏ సూత్రానికి ఎంత బరువు ఇవ్వాలో చట్టం చెప్పనప్పుడు, ఇచ్చిన బరువుకు కారణం రాసి చూపించే బాధ్యత కమిషన్ మీద లేనప్పుడు, ఎంత నిజాయితీగా గీసిన గీతనైనా జనం అనుమానంగానే చూస్తారు.

ముందుగా, తరచూ కలగలిసిపోయే రెండు పనులను విడదీయాలి. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలు అన్నది ఒకటి. ఒక రాష్ట్రం లోపల ఆ స్థానాల హద్దులు ఎక్కడ అన్నది మరొకటి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ మొదటిదాన్ని 1971 జనగణన దగ్గర ఆపేసింది. 2001లో చేసిన 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. హద్దులను మాత్రం 2001 జనగణన ప్రకారం సరిచేసుకోవచ్చని 2003లో 87వ సవరణ చెప్పింది. దక్షిణాది, ఉత్తరాది సీట్ల లెక్క గురించిన వాదమంతా మొదటి పనికి చెందింది. అది రాష్ట్రాల మధ్య రాజకీయ ఒప్పందంతో తేలవలసిన విషయం కనుక ఇక్కడ దాని జోలికి పోను. ప్రశ్న రెండో పని గురించి, మనం తక్కువగా మాట్లాడుకునేది కూడా దాని గురించే.

హద్దుల కోసం ఇప్పటిదాకా 1952, 1962, 1972, 2002 సంవత్సరాల్లో చేసిన చట్టాల కింద నాలుగు దేశవ్యాప్త కమిషన్లు పనిచేశాయి. చివరిదానికి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షులు. ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన నియమించిన ఎన్నికల కమిషనర్ ఒక సభ్యుడు, సంబంధిత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ మరొక సభ్యుడు. వీరికి సాయంగా ప్రతి రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా ఉంటారు. వారికి ఓటు లేదు, కమిషన్ నిర్ణయంపై సంతకం పెట్టే అధికారమూ లేదు. కమిషన్ ఉత్తర్వు గెజెట్‌లో అచ్చయితే దానికి చట్టంతో సమానమైన బలం వస్తుంది. దాన్ని సభ ముందు ఉంచుతారే గాని సభ ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు. కాగితం మీద చూస్తే ఇంతకంటే పటిష్ఠమైన ఏర్పాటు చాలా దేశాల్లో లేదు.

ఇక గీతకు ఆధారమైన సూత్రాల దగ్గరకు వద్దాం. 2002 చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం నియోజకవర్గం వీలైనంతవరకు భౌగోళికంగా ఒక్కచోట ఒదిగి ఉండాలి. నదులు, కొండల వంటి సహజ స్వరూపాన్ని, ఇప్పటికే ఉన్న పరిపాలనా హద్దులను, రాకపోకల వసతిని, ప్రజల సౌకర్యాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. జనాభా సాధ్యమైనంత సమానంగా ఉండాలన్నది రాజ్యాంగం చెప్పిన మాట. సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండవచ్చన్నది ఆ కమిషన్ తనకు తాను పెట్టుకున్న కొలత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 జనాభా సుమారు 7.62 కోట్లు, శాసనసభ స్థానాలు 294. అంటే ఒక్కో స్థానానికి సగటున 2.59 లక్షల జనాభా, పది శాతం వెసులుబాటుతో సుమారు 2.33 లక్షల నుంచి 2.85 లక్షల వరకు.

ఈ సూత్రాలు విడివిడిగా చూస్తే అన్నీ న్యాయమైనవే. చిక్కల్లా అవి ఒకదానితో ఒకటి తగాదా పడినప్పుడే వస్తుంది. మా జిల్లాలో ఒక మండలానికి చెందిన నాలుగు గ్రామాలు వాగు అవతలి ఒడ్డున ఉండేవి. పటంలో చూస్తే అవి పక్క నియోజకవర్గానికి అతుక్కుని, అక్కడ కలిపితేనే ఆకారం చక్కగా ఉండేట్టు కనిపించాయి. జనాభా లెక్క కూడా కుదిరింది. ముసాయిదాలో అలాగే వేశాం. విచారణకు వచ్చిన ఒక పెద్దాయన లేచి, వానాకాలం నాలుగు నెలలు ఆ ఒడ్డుకు వెళ్లాలంటే ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరగాలని, తమ సంత, ఆస్పత్రి, తహసీల్దారు కచేరీ అన్నీ ఈ ఒడ్డునే ఉన్నాయని చెప్పాడు. మా పటంలో వాగు నీలం గీతగా ఉంది గాని దాని మీద వంతెన లేదన్న సంగతి ఎక్కడా లేదు. ఆ గ్రామాలను వెనక్కి తెచ్చాం. తెచ్చాక లెక్క పది శాతం దాటింది కనుక మరో మూల నుంచి మూడు గ్రామాలను పక్కకు పంపవలసి వచ్చింది. ఆ మూడే ఎందుకు, వాటి పక్కనున్నవి ఎందుకు కాదు అని ఎవరైనా అడిగి ఉంటే, మా ఫైలులో చూపించడానికి ఒక్క వాక్యం కూడా లేదు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, సాయంత్రంలోగా పట్టిక పంపించాలన్న తొందర తప్ప. కాని ఆ మూడు గ్రామాల్లో ఏదో ఒక పార్టీకి పట్టు ఉండే ఉంటుంది. ఆ పార్టీ వారు మా తొందరను కుట్రగా చదివి ఉంటే నేను తప్పుపట్టలేను.

ఇదే సంగతి పెద్ద ఎత్తున జమ్మూ కశ్మీర్‌లో కనిపించింది. జస్టిస్ రంజనా దేశాయ్ కమిషన్ 2022 మే 5న ఇచ్చిన తుది ఉత్తర్వుతో అక్కడి స్థానాలు 83 నుంచి 90కి పెరిగాయి. జమ్మూకు 37 ఉన్నవి 43, కశ్మీర్‌కు 46 ఉన్నవి 47 అయ్యాయి. 2011 జనగణన ప్రకారం కశ్మీర్ జనాభా సుమారు 69 లక్షలు, జమ్మూ జనాభా సుమారు 54 లక్షలు. అంటే సగటున ఒక స్థానానికి కశ్మీర్‌లో 1.47 లక్షలు, జమ్మూలో 1.25 లక్షలు. కొండ ప్రాంతాలు, సరిహద్దు గ్రామాలు, రాకపోకల కష్టం చూసి ఈ తేడా ఇచ్చామని కమిషన్ అంది. ఆ కారణం చట్టంలో ఉన్నదే. అయితే కొండకు ఎంత శాతం, జనాభాకు ఎంత శాతం అన్నది చట్టంలో లేదు కాబట్టి, ఆ లెక్క సరైనదని నిరూపించడానికి గాని తప్పని నిరూపించడానికి గాని ఎవరి దగ్గరా కొలబద్ద లేకపోయింది. పైగా అదే ఉత్తర్వులో పీర్ పంజాల్ పర్వతశ్రేణికి అటున్న అనంతనాగ్‌ను, ఇటున్న రాజౌరీ, పూంచ్ ప్రాంతాలను కలిపి ఒకే లోక్‌సభ స్థానం చేశారు. రెండింటినీ నేరుగా కలిపే మొఘల్ రోడ్డు చలికాలంలో మంచుతో మూసుకుపోతుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడి పోలింగ్‌ను రాకపోకల ఇబ్బందులు చూపి మే 7 నుంచి మే 25కు వాయిదా వేయవలసి వచ్చింది. ఒక ఉత్తర్వులో కొండ ఒకచోట బరువైన కారణమై, మరోచోట తేలికైపోతే జనం ప్రశ్నించకుండా ఎలా ఉంటారు?

రెండో లోపం కమిషన్ చేతికి వచ్చే ముడిసరుకులో ఉంది. కమిషన్ గీత గీసేటప్పుడు జిల్లా, మండలం వంటి పరిపాలనా హద్దులను వీలైనంతవరకు చెదరగొట్టదు. మరి ఆ జిల్లాలు గీసేదెవరు? రాష్ట్ర ప్రభుత్వాలు. అస్సాంలో ఎన్నికల సంఘం 2023లో పునర్విభజన చేసినప్పుడు, 2023 జనవరి 1 నుంచి పరిపాలనా హద్దులు మార్చరాదని ముందుగానే చెప్పింది. ఆ గడువుకు ఒక్కరోజు ముందు, 2022 డిసెంబరు 31న, రాష్ట్ర మంత్రివర్గం విశ్వనాథ్, హోజాయ్, తాముల్‌పూర్, బజాలీ జిల్లాలను వాటి పాత జిల్లాల్లో తిరిగి కలిపేసింది. పునర్విభజన ముగిశాక అవే జిల్లాలు మళ్లీ పుట్టాయి. అందులో ఏ నియమమూ ఉల్లంఘన కాలేదు. గీత గీసిన చేయి స్వతంత్రమైనదే. ఆ చేతి కింద పరిచిన కాగితాన్ని మాత్రం మరొకరు మడతపెట్టారు.

మన రెండు రాష్ట్రాల్లో ఇది మరో రూపంలో కనిపిస్తుంది. తెలంగాణలో 2016లో పది జిల్లాలను 31 చేశారు, తర్వాత అవి 33 అయ్యాయి. నియోజకవర్గాలు మాత్రం 2008 నాటివే కనుక హుస్నాబాద్ వంటి ఒక్క శాసనసభ స్థానం సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఒక ఎమ్మెల్యే మూడు జిల్లాల సమీక్షా సమావేశాలకు తిరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని తిరగేశారు: 2022లో లోక్‌సభ స్థానాలనే కొలతగా తీసుకుని 26 జిల్లాలు చేశారు. జిల్లాను బట్టి నియోజకవర్గమా, నియోజకవర్గాన్ని బట్టి జిల్లానా అన్న ప్రశ్నకు మన దగ్గర స్థిరమైన జవాబు లేదు. రేపు లోక్‌సభ హద్దులు మారితే ఈ పొంతన కూడా చెదిరిపోతుంది.

భద్రాచలం సంగతి అన్నిటికంటే విచిత్రం. 2014 ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల ఓటర్లు భద్రాచలం శాసనసభ స్థానానికి ఓటు వేశారు. ఆ ఏడాదే పోలవరం ముంపు పేరుతో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యే తెలంగాణ సభలో ఉన్నాడు, వాళ్ల రేషను కార్డులు, పింఛన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. వాటిని రంపచోడవరం నియోజకవర్గంలో చేర్చడం 2018లో గాని జరగలేదు. ఇటు ఆ మండలాలు పోయిన భద్రాచలం సుమారు లక్షన్నర ఓటర్లతో తెలంగాణలోనే అతి చిన్న స్థానంగా మిగిలింది. అదే సభకు 2023లో శేరిలింగంపల్లి నుంచి ఒక్క సభ్యుణ్ని ఎన్నుకోవడానికి ఏడు లక్షలకు పైగా ఓటర్లు ఉన్నారు. భద్రాచలంలో ఒక ఓటు విలువ శేరిలింగంపల్లిలో నాలుగు ఓట్ల పైచిలుకు. 2008లో గీసినప్పుడు పది శాతం పరిమితికి లోబడి ఉన్న గీతలు పదిహేనేళ్లలో ఈ స్థితికి వచ్చాయి. మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానం అప్పుడు కొత్తగా పుట్టింది, ఇవాళ అక్కడ 30 లక్షలకు పైగా ఓటర్లు. నగరం ఎటు పెరుగుతుందో 2001 జనగణన చెప్పలేదు, చెప్పమని దాన్ని ఎవరూ అడగనూ లేదు.

ఈ విషయంలో ఆస్ట్రేలియా పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. అక్కడ గీత గీసే రోజున ఓటర్ల సంఖ్య సగటుకు పది శాతం లోపు తేడాతో ఉంటే సరిపోతుంది. కాని మామూలుగా మూడున్నరేళ్ల తర్వాత ఎంత ఉంటుందో అంచనా వేసి, ఆనాటికి తేడా 3.5 శాతం లోపుకు వచ్చేట్టు చూడాలి. అంటే వేగంగా పెరిగే శివారును ఇవాళ కావాలనే కాస్త చిన్నదిగా గీస్తారు. మన దగ్గర ఒకసారి గీసిన గీత ఎన్నాళ్లు నిలుస్తుందో చూడండి: 1973 నాటి కమిషన్ గీసినవి 2008 దాకా నడిచాయి. ముప్పై ఏళ్లు నిలవబోయే గోడకు ఇవాళ్టి కొలత మాత్రమే తీసుకోవడం తెలివైన పని కాదు. పదేళ్లకోసారి సవరణ తప్పనిసరి చేయాలి, లేదా పెరుగుదల అంచనాను లెక్కలోకి తేవాలి. రెండూ చేయగలిగితే మరీ మంచిది.

కంప్యూటర్ ప్రశ్నకు ముందు, గీతతో ఫలితం ఎలా మారుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. సమాన జనాభా గల 25 గ్రామాలను అయిదేసి చొప్పున అయిదు స్థానాలుగా విడదీయాలి. 15 గ్రామాలు ఒక పార్టీవి, 10 రెండో పార్టీవి. ప్రతి స్థానంలో మూడు, రెండు చొప్పున సర్దితే మొదటి పార్టీకి అయిదుకు అయిదూ వస్తాయి. మొదటి పార్టీ గ్రామాల్లో పదింటిని రెండు స్థానాల్లో కుక్కేస్తే, మిగిలిన మూడు స్థానాల్లో దానికి అయిదు గ్రామాలే మిగులుతాయి, రెండో పార్టీ 40 శాతం బలంతో మూడు స్థానాలు గెలుస్తుంది. జనం మారలేదు, ఓటు మారలేదు, గీత మారింది. 1812లో అమెరికాలోని మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకం చేసిన పటంలో ఒక స్థానం సాలమాండర్ అనే, బల్లిని పోలిన జంతువులా మెలికలు తిరిగి ఉందని పత్రికలు వెక్కిరించాయి. ఈ విద్యకు 'గెరీమాండరింగ్' అన్న పేరు అలా పుట్టింది. అన్నట్టు, ఈ విద్య ఎదురుతిరిగిన సందర్భాలూ లేకపోలేదు. ఐర్లండ్‌లో 1970ల్లో మంత్రి జేమ్స్ టల్లీ అధికార కూటమికి అనువుగా హద్దులు గీయించారు. 1977 ఎన్నికల్లో గాలి మారి, ఆ హద్దులే ప్రతిపక్షానికి అనుకోనంత పెద్ద గెలుపును కట్టబెట్టాయి. ఆ తర్వాత ఆ దేశం ఈ పనిని స్వతంత్ర కమిషన్లకు అప్పగించింది.

కంప్యూటర్ అయితే పక్షపాతం చూపదు కదా అంటారు. అది తనకు చెప్పిన సూత్రాన్ని పాటిస్తుంది, అంతే. ఆకారం చక్కగా ఉండాలని చెబితే మా వాగు అవతలి నాలుగు గ్రామాలను అది కూడా అవతలికే పంపేది. పార్టీ ఓట్ల వివరాలు ఇచ్చి గెలిపించమంటే మనిషికి నెలలు పట్టే మోసాన్ని నిమిషాల్లో చేసిపెడుతుంది. నా దృష్టిలో దానికి తగిన పని తనిఖీ. చట్టంలోని సూత్రాలు మాత్రమే ఇచ్చి వేల సంఖ్యలో పటాలు వేయించి, అసలు పటాన్ని వాటి పక్కన పెట్టి చూస్తే, అది మామూలు పటాల్లో ఒకటా, లేక యాదృచ్ఛికంగా రావడం దాదాపు అసాధ్యమైనదా అన్నది తేలిపోతుంది. 2018లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర పటాన్ని కొట్టేసినప్పుడు ఇలాంటి విశ్లేషణ సాక్ష్యంగా ఉపయోగపడింది. మన దగ్గర ఏ విశ్వవిద్యాలయమైనా ఈ పని చేయగలదు. కావలసిందల్లా గ్రామాల వారీగా, వార్డుల వారీగా జనాభాతో పాటు హద్దుల డిజిటల్ పటాలను ముసాయిదాతో కలిపి అందరికీ అందుబాటులో పెట్టడం.

అమెరికా నుంచి మనం రెండు పాఠాలు తీసుకోవచ్చు. అయోవాలో 1980 నుంచి ఏ పార్టీకీ చెందని శాసనసభ సిబ్బందే పటం గీస్తారు. సిటింగ్ సభ్యుల ఇళ్లు ఎక్కడున్నాయో, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో వాళ్లు చూడకూడదు. సభ ఆ పటాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి లేదా తిప్పికొట్టాలి, మూడో పటం దాకా సవరణలకు తావు లేదు. ఇది నియమం బలం. కాలిఫోర్నియాలో 2008లో ప్రజలే ఓటు వేసి 14 మందితో పౌర కమిషన్ తెచ్చుకున్నారు. 2025లో టెక్సస్ జనగణనతో పని లేకుండా మధ్యలో పటం మార్చుకుంటే, దానికి బదులుగా కాలిఫోర్నియా ఓటర్లు అదే ఏడాది నవంబరులో తమ కమిషన్ పటాన్ని తాత్కాలికంగా పక్కనబెట్టేశారు. ఎంత మంచి కమిషనైనా, గీత ఎప్పుడు మార్చవచ్చన్నదానికి తాళం లేకపోతే ఇంతే. మన రాజ్యాంగంలో ఆ తాళం ఉంది. మనకున్న మంచి ఇది, పోగొట్టుకోకూడదు.

ఇక సహ సభ్యుల విషయం. ఓటు లేదు గనుక ప్రమాదం లేదని చట్టం అనుకుంటుంది. కాని ముసాయిదా జనం ముందుకు రాకముందే దాన్ని చూసే అవకాశం వారికి ఉంది, మామూలు పౌరుడికి లేదు. ఏ గ్రామం ఎటు పోతే తనకు నష్టమో ఎంపీకి, ఎమ్మెల్యేకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వారిని పూర్తిగా తొలగించాలని కొందరంటారు. నేను అంత దూరం పోను, స్థానిక భూగోళం వారికి నిజంగానే తెలుసు. కాని వారు చెప్పిన ప్రతి సూచన, దానికి కమిషన్ ఇచ్చిన జవాబు ముసాయిదాతో పాటే అచ్చు కావాలి. ప్రస్తుతం సహ సభ్యుడు కోరుకుంటే అతని భిన్న ప్రతిపాదనను మాత్రం ప్రచురిస్తారు. మూసిన గదిలో ఒప్పించుకున్నవాడు ప్రచురించమని ఎందుకు అడుగుతాడు?

గడువు కూడా ఇంతే ముఖ్యం. బ్రిటన్‌లో 2023లో ముగిసిన సమీక్షలో ప్రజలకు మూడు విడతలు దొరికాయి: మొదట ఎనిమిది వారాలు, తర్వాత ఇతరులు చెప్పినదానిపై స్పందించడానికి ఆరు వారాలు, సవరించిన పటంపై మరో నాలుగు వారాలు. జమ్మూ కశ్మీర్‌లో 2022 మార్చి 14న ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలకు మార్చి 21 ఆఖరు. వారం రోజుల్లో ఒక పంచాయతీ సమావేశమై, పటం చూసుకుని, జనాభా లెక్కలు కూడి, ప్రత్యామ్నాయం రాసి పంపడం సాధ్యమా? ఆ పని పార్టీ కార్యాలయాలకే సాధ్యం.

రిజర్వుడు స్థానాల దగ్గర చిక్కు మరింత లోతైనది. ఎస్టీ స్థానాలను వారి జనాభా నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోట పెట్టాలి. ఎస్సీ స్థానాలను మాత్రం రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు విస్తరించి, వారి నిష్పత్తి ఎక్కువగా ఉన్నచోట ఇవ్వాలి. ఆ 'విస్తరించడం' దగ్గరే విచక్షణ ప్రవేశిస్తుంది. ముస్లిం జనాభా అధికంగా ఉన్న కొన్ని స్థానాలు ఎస్సీలకు రిజర్వు అయ్యాయని, ఎస్సీలు అంతకంటే ఎక్కువగా ఉన్న స్థానాలు జనరల్‌గా మిగిలాయని 2006లో, ముస్లింల స్థితిగతులను అధ్యయనం చేసిన సచార్ కమిటీ ఎత్తిచూపింది. జిల్లాల వారీగా నిష్పత్తుల వరుస పట్టికను ముందే ప్రచురించి, ఆ వరుస తప్పిన ప్రతిచోటా కారణం రాయాలని నిర్బంధిస్తే సగం అనుమానాలు పోతాయి. ప్రతి పునర్విభజనకూ స్థానాలు మార్చాలన్న వాదన ఉంది. మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించిన 2023 నాటి 106వ సవరణ అలాగే చెబుతోంది కూడా. సూత్రంగా బాగానే ఉంది. మన పునర్విభజనలు ముప్పై ఏళ్లకోసారి వస్తుంటే ఆ మార్పిడికి అర్థం ఎంత మిగులుతుందన్నది నా సందేహం.

దీనికి సంబంధించి మన నేలమీద జరిగిన ఒక పాత కథ చెప్పకుండా ఉండలేను. మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో కొన్ని స్థానాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు, ఒకరు జనరల్, ఒకరు రిజర్వుడు. 1957లో పార్వతీపురం అలాంటి స్థానం. అక్కడ పోటీచేసిన వి.వి. గిరి ఓడిపోయారు. ఇద్దరు గిరిజన అభ్యర్థులకు ఆయనకంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి గనుక ఒకరు రిజర్వుడు స్థానానికి, రెండోవారైన డిప్పల సూరిదొర జనరల్ స్థానానికి ఎన్నికైనట్టు ప్రకటించారు. గిరి కోర్టుకెక్కారు. గిరిజనుడైనంత మాత్రాన జనరల్ స్థానానికి హక్కు పోదని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య స్థానాలనే రద్దుచేసింది. తర్వాత రాష్ట్రపతి అయిన నాయకుడు ఒక నియోజకవర్గ నిర్మాణం వల్ల ఓడిపోయాడన్న సంగతి మనలో చాలామందికి గుర్తులేదు.

కోర్టుల మాటకొస్తే, 329వ అధికరణం పునర్విభజన చట్టాల చెల్లుబాటును ప్రశ్నించకుండా తలుపు మూసింది. 1966లో మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపుకు గడియ కూడా పెట్టింది. ఎన్నికలు ఎడతెగని వ్యాజ్యాల్లో చిక్కుకోకూడదన్న భయం అప్పుడు సరైనదే. 2024లో గుజరాత్‌కు చెందిన బర్డోలీ స్థానం కేసులో అదే కోర్టు, ఉత్తర్వు స్పష్టంగా ఏకపక్షమైనదైతే, రాజ్యాంగ విలువలకు పొసగనిదైతే పరిశీలించకుండా ఉండలేమని అంది. ఇది చిన్న సందు మాత్రమే. పూర్తిగా తెరవమని నేను అడగను. ముసాయిదా దశలోనే, నిర్ణీత గడువులో, కారణాలు రాశారా లేదా అన్న ఒక్క అంశంపై ఒక ధర్మాసనం విని తేల్చే ఏర్పాటు చాలు. గెజెట్ అచ్చయ్యాక తలుపు మూసే ఉండాలి.

కాబట్టి చట్టంలో నేను కోరే మార్పులు ఎక్కువేమీ కాదు. సూత్రాలకు వరుస పెట్టాలి: ముందు జనాభా పరిమితి, ఆ పరిమితి లోపల సహజ అడ్డంకులు, రాకపోకలు, ఆ తర్వాత పరిపాలనా హద్దులు, చిట్టచివర ఆకారం. కొండ, ఏజెన్సీ ప్రాంతాలకు పరిమితిలో సడలింపు ఉంటే అదెంతో అంకెలో చెప్పాలి. బ్రిటన్ అయిదు శాతం నియమం పెట్టి, అయిదు ద్వీప స్థానాలకు మాత్రం పేరుపేరునా మినహాయింపు ఇచ్చింది. కెనడా 25 శాతం వరకు అనుమతించి, దాన్ని కూడా దాటాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలంది. ఏది మంచిదన్నదానిపై వాదించుకోవచ్చు, కాని రెండుచోట్లా అంకె చట్టంలోనే ఉంది. జనగణన తేదీ నుంచి తుది ఉత్తర్వు దాకా జిల్లా హద్దులు మార్చడానికి వీల్లేకుండా చేయాలి, అస్సాం తరహా ఒక్కరోజు సందు లేకుండా. ఇక పంచాయతీ, మున్సిపల్ వార్డుల విభజన అనేక రాష్ట్రాల్లో నేరుగా ప్రభుత్వాల చేతిలోనే ఉంది. గెరీ గారి విద్య మన దేశంలో ఎక్కడైనా నిర్భయంగా సాగుతున్నదంటే అక్కడే, దాన్ని కూడా ఇదే కమిషన్ పద్ధతి కిందికి తేవాలి.

ఈ మార్పులు వచ్చేదాకా, మీ ప్రాంతపు ముసాయిదా వెలువడినప్పుడు చేయగలిగింది ఒకటుంది. విచారణల్లో మా బల్ల మీదికి వచ్చిన అర్జీల్లో చాలా భాగం "మా మండలానికి అన్యాయం జరిగింది" అన్న ఒక్క వాక్యంతో ముగిసేవి, వాటితో మేం ఏమీ చేయలేకపోయేవాళ్లం. అర్జీలో మూడు సంగతులుండాలి: ఏ రెవెన్యూ గ్రామాలను ఎటు మార్చాలి, మార్చాక రెండు నియోజకవర్గాల జనాభా ఎంత అవుతుంది, అది పది శాతం దాటితే బదులుగా ఏ గ్రామాలను ఇటు తేవచ్చు. వాగు మీద వంతెన లేకపోతే ఆ సంగతి, చుట్టుదారి ఎన్ని కిలోమీటర్లో ఆ సంగతి, బస్సు ఎక్కడిదాకా వస్తుందో ఆ సంగతి రాయండి. పటంలో అవి కనిపించవు.